లక్కపిడతలు

సంక్రాంతికి తిరువూరు ప్రాంతమున బొమ్మల కొలువు తీర్చిన ఇంటికి పోయి చూచినచో, మెట్లపై రెండు జాతుల కొయ్యబొమ్మలు కనబడును. దశావతారములు, అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కు గీతకాడు, ఎడ్లబండి మొదలైనవి ఒక జాతి. ఇవి కొండపల్లివి. తిరువూరు నుండి విజయవాడకు పోవు త్రోవలో మైలవరము దాటిన పిదప కొండపల్లి తగులును గనుక, ఈ బొమ్మలు మనకు ఇరుగుపొరుగు వారి వంటివి. రెండవ జాతి వానికి కాలుసేతులు లేవు, కన్నుముక్కులు లేవు. చిన్న బిందె, చిన్న చెంబు, మూతగల గిన్నె, రోలు, తిరుగలి మొదలుగా బాలికలు బువ్వాలాటలో అన్నము వండి, పప్పు వడ్డించి, అతిథులకు కొసరి కొసరి పెట్టు వంటసామగ్రి యంతయు అందులో నుండును. పిడత యనగా చిన్న కుండ. లక్క పూసిన పిడతలు గనుక వీనికి లక్కపిడతలని పేరు వచ్చినది.

ఈ రెండు జాతులును కొయ్యవే యైనను, వాని పుట్టుక వేరు. కొండపల్లి బొమ్మను చెక్కుదురు. తెల్ల పొణికి యను తేలికయైన కొయ్యను ఉలితో మలచి, తల, మొండెము, చేతులు వేరువేరుగా చేసి, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికించి రంగులు వేయుదురు. లక్కపిడతను అట్లు చెక్కరు, త్రిప్పుదురు. కొయ్య తిరుగుచుండగా ఉలి నిలకడగా నుండును. కొండపల్లి పనివాని చేతిలో కొయ్య కదలక, ఉలి కదలును. ఇక్కడ దానికి విపర్యయము. ఒక లక్కచెంబును చేతబట్టి వ్రేళ్ళ నడుమ మెల్లగా త్రిప్పి చూడుడు. దాని నడుమున నున్న పచ్చగీతకు మొదలును కనబడదు, తుదియు కనబడదు. ఎంత నేర్పుగల చిత్రకారుడైనను కుంచెతో అట్టి గీతను గీయలేడు. ఆ గీతను గీసినది చేయి కాదు, భ్రమణము.

తిరుగుట చేత వస్తువును పుట్టించు విద్య మనకు క్రొత్త కాదు. కుమ్మరి సారెపై కుండ పుట్టుట మీరందరును చూచియే యుందురు. అయినను కుమ్మరి పనికిని కొయ్య త్రిప్పువాని పనికిని ఒక గొప్ప భేదమున్నది. కుమ్మరి చేతిలో మట్టి పెరుగును. అంచు వంకర పోయినచో మరల ముద్ద చేసి మొదలు పెట్టవచ్చును. కొయ్య త్రిప్పువాడు తీసివేయుటయే గాని చేర్చుట యుండదు. వెంట్రుకవాసి ఎక్కువగా పోయిన ఉలి దెబ్బను ఏ మంత్రమును వెనుకకు మరలింపలేదు. పెద్దబిందెగా మొదలైనది చిన్నచెంబుగా ముగియుట ఈ పనిలో నేర్చుకొనువారికి సామాన్యము.

ఇట్లు కొయ్యను త్రిప్పి మలచు యంత్రమునకు మన పాతపుస్తకములలో తరిమెన యను పేరు కలదు. నేడు అందరును దీనిని లేతు అనియే పిలుచుచున్నారు. విద్యుత్తు లేని కాలమున దీనిని త్రిప్పినది మనుష్యుని చేయి, లేక కాలు. అది ఎట్లో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. మీ ఇంటిలోని వృద్ధులను పెరుగు చిలుకు కవ్వమును గూర్చి అడుగుడు. పెద్దకుండలో కవ్వమును నిలిపి, దానిని ఒక స్తంభమునకు వదులుగా కట్టి, నడుమ త్రాటిని రెండుమూడు చుట్లు చుట్టి, రెండు కొసలను రెండు చేతులతో పట్టి ఇల్లాలు మార్చిమార్చి లాగుచుండెడిది. కుడికొస లాగిన కవ్వము ఒకవైపు తిరుగును, ఎడమకొస లాగిన రెండవవైపు తిరుగును. దేవదానవులు మందరపర్వతమునకు వాసుకిని చుట్టి పాలసముద్రమును చిలికినదియు ఇట్లే గదా! ఈ కవ్వమును అడ్డముగా పరుండబెట్టి, పెరుగుకుండకు బదులు కొసన ఒక కొయ్యముక్కను బిగించినచో అదియే తరిమెన.

పూర్వపు తరిమెన రూపము మిక్కిలి సామాన్యము. నేలపై కొంచెము ఎడముగా రెండు గట్టి కొయ్యదిమ్మలు పాతుదురు. వాని రంధ్రములలో కదురువంటి లావుపాటి ఇరుసు తిరుగుచుండును. ఇరుసు నడుమ త్రాడు చుట్టబడియుండును. ఒక కొస దిమ్మకు వెలుపలకు వచ్చి, దానికి కొయ్యముక్క బిగియును. ఆ ముక్కకు ఎదురుగా ఒక అడ్డకఱ్ఱ నుంచి, దానిపై ఉలిని ఆనించి పనివాడు కూర్చుండును. త్రాటిని లాగువారు వేరొకరు. సామాన్యముగా ఇంటివారిలోనే ఒకరు, భార్యయో కుమారుడో, ఆ పని చేయుచుందురు. తోడు లేనివాడు త్రాటికి బదులు విల్లును వాడును. వడ్రంగి రంధ్రములు తొలుచుటకు బరమాను కమానుతో త్రిప్పుట మీరు చూచియుందురు, ఇదియు అట్టిదే. ఒకచేత విల్లు నాడించుచు, రెండవచేత ఉలి పట్టి, ఉలి జారకుండ కాలివ్రేళ్ళతో అదిమి పట్టుట మన దేశపు పనివారి అలవాటు. నేలపై కూర్చుండి పని చేయువానికి పాదములును చేతులే.

ఇందులో ఒక చిన్న లెక్క యున్నది. ఇరుసు అడ్డుకొలత 3 సెంటీమీటర్లనుకొనుడు. దాని చుట్టుకొలత సుమారు 9.4 సెంటీమీటర్లగును. మీటరు త్రాటిని లాగినచో ఇరుసు 10 చుట్లకు కొంచెము మించి తిరుగును. దానికి బిగించిన పిడత అడ్డుకొలత 6 సెంటీమీటర్లైనచో, దాని చుట్టుకొలత దాదాపు 19 సెంటీమీటర్లు. కావున ఒక్క లాగునకు సుమారు 2 మీటర్ల కొయ్య ఉలి ముందుగా పరుగెత్తును. ఇరుసును సన్నము చేసినచో చుట్లు హెచ్చును గాని, లాగువానికి బలము ఎక్కువ కావలసివచ్చును. లావు చేసినచో లాగుట సులభమగును గాని చుట్లు తగ్గును. ఏ ఇరుసు ఎంత లావుండవలెనో పుస్తకము చూచి నిర్ణయించినవారు లేరు. లాగు చేతుల అలసటయే దానిని నిర్ణయించినది.

ఈ యంత్రమునకు ఒక లోపము కలదు. త్రాడు ముందునకు లాగినపుడు కొయ్య పనివాని వైపునకు తిరుగును. అప్పుడు ఉలి తెగును. వెనుకకు లాగినపుడు కొయ్య ఎదురు తిరుగును; అప్పుడు ఉలి తెగదు, పైగా అదరి గీతలు పడును. కావున పనివాడు ప్రతి లాగునకును ఉలిని ఒకసారి ఆనించి, ఒకసారి వెంట్రుకవాసి వెనుకకు తీయవలెను. త్రాడు లాగువాని ఊపిరియు, ఉలి పట్టువాని ఊపిరియు ఒక్కటిగా నడువవలెను. లాగువాడు పరధ్యానమున లయ తప్పినచో పిడత పెదవి ఎగిరిపోవును. కాలమున సగము వృథాయైనను, ఈ లోపముతోనే వేల సంవత్సరములు ప్రపంచము నడచినది.

ఈజిప్టు దేశమున పెటోసిరిస్ అను పూజారి సమాధి గోడపై, క్రీ.పూ. 300 ప్రాంతమున చెక్కిన చిత్రములలో ఇద్దరు పనివారు కనబడుదురు. ఒకడు త్రాటిని పట్టి త్రిప్పుచుండగా, రెండవవాడు ఉలి పట్టియున్నాడు. మనకు దొరికిన తరిమెన చిత్రములలో పురాతనమైన దిదియే యని చెప్పుదురు. ఇంగ్లాండు దేశపు బీచి అడవులలో కుర్చీకాళ్ళు త్రిప్పువారు వేరొక ఉపాయము కనిపెట్టిరి. తలపైన వంగు స్వభావముగల పొడుగాటి కఱ్ఱను కట్టి, దానినుండి త్రాటిని దింపి, కొయ్యకు చుట్టి, క్రింద కాలిపలకకు ముడివేసిరి. కాలు నొక్కగా కొయ్య తిరుగును. కాలు తీయగా వంగిన కఱ్ఱ లేచి త్రాటిని వెనుకకు లాగును. ఈ విధమున రెండు చేతులును ఉలికి మిగిలినవి. బకింగ్‌హామ్‌షైర్ అడవులలో ఈ పని 20వ శతాబ్దిలోను సాగినది.

చీనా దేశపువారు ఒక కాలితో తృప్తిపడక రెండు కాళ్ళను పనికి పెట్టిరి. ఇరుసుపై చుట్టిన త్రాటి రెండు కొసలను రెండు కాలిపలకలకు కట్టి, పీటపై కూర్చున్న పనివాడు మార్చిమార్చి త్రొక్కును. సాంగ్ యింగ్‌షింగ్ అను పండితుడు తన దేశపు చేతిపనులను గూర్చి 1637లో ప్రకటించిన ‘టియన్‌గాంగ్ కైవూ’ అను గ్రంథమున, జేడు అను మణిశిలను కోయువారు ఇట్టి యంత్రముపై కూర్చున్న చిత్రము కలదు. కొయ్య త్రిప్పువారును అట్టి కాలిపలకలనే వాడిరి. చేతులతో మన ఇల్లాలు కవ్వమును త్రిప్పిన తీరునే వారు కాళ్ళతో త్రిప్పిరనవచ్చును. కొయ్య ఒకేవైపు నిలుపకుండ తిరుగుటకు బరువైన చక్రమును చేర్చవలెనని ఐరోపాలో ఆలోచించిన వారిలో లియొనార్డో డావించి ఒకడు. ఆయన చిత్రపటములలో కాలితో త్రొక్కు అట్టి లేతు బొమ్మ యున్నది. ఆ చక్రమే తరువాతి యంత్రశాలలకు దారి తీసినది. ఆ కథ పెద్దది. ఇక మన లక్కపిడతల యొద్దకు వత్తము.

తెలుగునాట లక్కబొమ్మలనగానే మొదట చెప్పదగిన ఊరు ఏటికొప్పాక. అది అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్నది. 2022కు పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిది. పేరులోనే ఏరు ఉన్నది. ఆ ప్రాంతమునకు సమీపమున కొండలును, ఆ కొండలపై అంకుడు చెట్లును ఉండుటయే ఈ పని అక్కడ నిలుచుటకు కారణము. అంకుడు పెద్దవృక్షము కాదు. ఆకు తుంచిన పాలు కారును. పూవులు తెల్లనివి. కాయలు సన్నగా, పొడుగుగా జంటజంటలుగా వ్రేలాడుచు, కొనల వద్ద ఒకదానినొకటి పట్టుకొనియుండును. ఎండి పగిలినపుడు విత్తులు దూదిపింజెల వంటి కుచ్చులతో గాలిలో ఎగురును. దీని ఆకుల నుండి పూర్వము నీలిరంగు తీసెడివారు. అందుచేతనే వృక్షశాస్త్రజ్ఞులు దీని శాస్త్రనామములో రంగులకు సంబంధించిన మాటను చేర్చిరి. కర్ణాటకమున చెన్నపట్నమునందు లక్కబొమ్మలు చేయువారును ఈ కొయ్యనే వాడుదురు.

టేకు, మద్ది వంటి గొప్ప కొయ్యలుండగా ఈ చిన్నచెట్టునే ఏల కోరిరి? అంకుడు కొయ్య తెల్లనిది. దానిపై వేసిన రంగు మాసినట్లు కనబడదు. దాని నార సన్నముగా, అంతటను ఒకే తీరుగా నుండును. త్రిప్పునపుడు ఉలికి ఒకచోట మెత్తగా, ఒకచోట గట్టిగా తగులు కొయ్యయైనచో నునుపు రాదు. చేతితో త్రిప్పు తరిమెనకు మెత్తని కొయ్యయే కావలెను. మనుష్యుని బలము ఎద్దుబలము కాదు గదా! ఇంకొక సంగతి యేమనగా, ఈ పనికి పెద్దమ్రాను కూల్చనక్కరలేదు. చేతిలావు కొమ్మ చాలును. కొట్టిన మోటు మరల చిగురించును.

పచ్చికొయ్యను వెంటనే త్రిప్పుట తగదు. కొయ్య ఎండునపుడు కుదించుకొనును. పైభాగము ముందుగా ఎండి బిగియగా, లోపల ఇంకను తడియుండుట చేత చీలికలు పుట్టును. అందుచేత కొమ్మలను నీడలో మెల్లగా ఎండనిత్తురు. ఎండిన కొమ్మను తుంటలుగా రంపముతో కోసి, బాడిసతో ఇంచుమించు గుండ్రముగా చేసి, ఇరుసుకొసకు కొట్టి బిగింతురు. మొదట వెడల్పు ఉలితో మిట్టపల్లములు పోగొట్టుదురు. తరువాత పిడత మెడ, పొట్ట, అడుగు రూపుకట్టును. లోపల తొలుచుట అన్నిటికంటె కష్టము. కొన వంగిన ఉలిని చీకటిలోనికి పంపినట్లు పిడత నోటిలోనికి పంపి, చేతికి తెలియు అదురును బట్టియు, చెవికి వినబడు ధ్వనిని బట్టియు గోడ ఎంత పలుచనైనదో కనిపెట్టవలెను. లక్కపిడతలు చిన్నవిగాను, గుండ్రముగాను ఉండుటకు పిల్లల చేతులు చిన్నవగుట యొక్కటే కారణము కాదు. కొమ్మ లావును, త్రాడు లాగువాని సత్తువను దాటి బొమ్మ పెరుగజాలదు.

ఇక లక్క సంగతి. మహాభారతమున దుర్యోధనుడు పాండవులకై వారణావతమున కట్టించిన లక్కయింటి కథ మీకు తెలియును. ఆ లక్కయే ఇది. మోదుగు, రేగు మొదలైన చెట్ల లేతకొమ్మలపై మిక్కిలి చిన్నవైన పురుగులు గుంపులుగా చేరి, రసము పీల్చి, తమ రక్షణకై ఒక విధమైన జిగురును స్రవించును. అది గట్టిపడి కొమ్మచుట్టును పొరగా ఏర్పడును. ఆ పొరను గీరి, దంచి, కడిగి, కరగించి, వడియగట్టగా లక్క వచ్చును. కడిగిన నీటిలో దిగు ఎర్రరంగుతోనే పూర్వము స్త్రీలు పాదములకు లత్తుక పెట్టుకొనెడివారు. లక్క చల్లగా నున్నపుడు గాజువలె గట్టిది. సుమారు 70, 80 డిగ్రీల సెల్సియస్ వేడిమి తగిలిన మెత్తబడి కరగును. చల్లారగా మరల గట్టిపడును. ఈ ఒక్క గుణము మీదనే లక్కపిడత పని యంతయు నిలిచియున్నది.

పనివారు లక్కను బొగ్గులసెగపై మెత్తబరచి, రంగుపొడిని కలిపి, సాగదీసి, మడిచి, మరల సాగదీసి, రంగు సమముగా పట్టిన పిదప కడ్డీలుగా చేసి యుంచుదురు. పిడత రూపము ముగిసి నునుపైన తరువాత, దానిని ఇరుసునుండి తీయకయే, తిరుగుచున్న కొయ్యకు ఈ కడ్డీని గట్టిగా అదిమిపట్టుదురు. అక్కడ పొయ్యి లేదు, కుంచె లేదు, నూనె లేదు. చలిదినమున అరచేతులు రుద్దుకొన్నచో వెచ్చనగును గదా! అట్లే కొయ్యకును కడ్డీకిని కలుగు రాపిడి చేత వేడి పుట్టి, కడ్డీకొన కరగి, కొయ్యకు రంగు అంటుకొనును. ఏ భ్రమణము పిడతకు రూపమిచ్చినదో, ఆ భ్రమణమే దానికి రంగును వండిపెట్టును. వెనుకటి త్రాటితరిమెనకు ఉన్నదని చెప్పిన లోపము ఇక్కడ లోపము కాదు. ఉలి ఒకవైపే తెగును గాని, రాపిడి ఎటు తిరిగినను పుట్టును.

మొదట అంటిన రంగు ఎగుడుదిగుడుగా నుండును. అప్పుడు మొగలి ఆకును మడిచి, తిరుగుచున్న పిడతపై ఒత్తిపట్టుదురు. మొగలిపూవు పరిమళమును పొగడిన వారే గాని, దాని ఆకునకు ఇట్టి ఉపయోగము కలదని తలచినవారు తక్కువ. ఆ ఆకు గట్టిది, నునుపైనది. దాని రాపిడికి లక్క మరల ఇంచుక మెత్తబడి, అంతటను సమముగా పరచుకొని, అద్దమువలె మెరయును. ఒక రంగుపై వేరొక రంగు పట్టించి, సన్నని ఉలిమొనతో పైపొరను గీరినచో, లోపలి రంగు గీతయై వెలికి వచ్చును. మొదట మనము చూచిన ఆ మొదలుతుది లేని గీత పుట్టుక ఇదియే.

చీనా, జపాను దేశముల మెరుగుపాత్రలను చూచినవారు అవియు లక్కపనులే యనుకొందురు. ఇది పొరపాటు. ఆ దేశముల పూత పురుగు నుండి వచ్చినది కాదు. ఒకజాతి చెట్టుబెరడును గాటుపెట్టగా కారు పాలు. ఆ పచ్చిపాలు తగిలిన చర్మము దద్దురులెక్కి బాధించును. మన లక్క వేడికి కరగి, చల్లదనమునకు గట్టిపడును. వారి పూత వెచ్చనై తడిగానున్న గాలిలో మెల్లగా గట్టిపడును. ఒకసారి గట్టిపడిన తరువాత వేడి చేసినను కరగదు. ఒక పొర ఆరిన తరువాత ఇంకొక పొరగా, శ్రేష్ఠమైన పాత్రలకు నూరు పూతలకు మించి వేసి, ఆ దళసరిపై లతలను, మేఘములను చెక్కుదురు. అట్టి పాత్ర నెలల తరబడి పని. చీనాలో హెముడు అను చోట దొరికిన ఎర్రపూతగల కొయ్యగిన్నె సుమారు 7000 ఏండ్లనాటిది. మన పిడత అంతటి ఓర్పును కోరదు. కొన్ని నిమిషములలో దానికి మెరుగు వచ్చును. కాని మరుగుచున్న నీటి గిన్నెను దానిపై పెట్టినచో ఆ మెరుగు అంతే త్వరగా పోవును. ఒక్కొక్క పదార్థమునకు ఒక్కొక్క ధర్మము.

రంగులను గూర్చి చెప్పవలసినది కొంత బాధాకరము. పూర్వము పసుపుకొమ్ముతో పచ్చనను, నీలిచెట్టుతో నీలమును, రెండును కలిపి ఆకుపచ్చను చేసెడివారు. అంగడిలో చౌకగా దొరకు రసాయనిక వర్ణములు వచ్చిన పిదప ఆ శ్రమ అక్కరలేకపోయెను. ఆ వర్ణములు మిక్కిలి ప్రకాశమానములు. కాని అట్టివానిలో కొన్నింట సీసము కలదు. పిల్లలు బొమ్మను చూచుటతో ఊరకుందురా? నోటిలో పెట్టుకొందురు. సీసము ఒంటికి చేరినచో పసివారి మెదడు ఎదుగుదలకు హాని కలుగును. బిడ్డ సంతోషించుటకై చేసిన వస్తువు బిడ్డకే కీడు చేయుట కంటె ఆ పనికి వేరొక అపకీర్తి యేమున్నది?

ఈ చిక్కును గుర్తించి, చెట్టుచేమల రంగులను మరల ఏటికొప్పాకకు తెచ్చుటకు పూనుకొన్నవాడు ఆ ఊరివాడైన చింతలపాటి వెంకటపతిరాజు. సి.వి. రాజు అని ప్రసిద్ధుడు. చెప్పినంత సులభమైన పని కాదది. పసుపు వంటి రంగులను నీటితోనో వేరొక ద్రవముతోనో దింపి బట్టకు అద్దవచ్చును గాని, లక్క నీటితో కలియదు. కావున రంగును పొడిగా మార్చి, లక్కతో ఏకము చేసి, వేడికి మాడిపోకుండ కాపాడవలెను. పసుపు, నీలి, జాఫరా గింజలు, కాచు, కరక్కాయ మొదలైనవానితో పలుమార్లు ప్రయత్నించి, పనివారికి ఆ మార్గమును నేర్పిరి. చెట్టురంగులు రసాయనిక వర్ణములంత మిరుమిట్లు గొలుపవు. కొంచెము అణకువగా, పాతచీర అంచువలె ఉండును. నా కన్నులకు అవియే ఇంపుగా తోచును. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా వేరొకచోట చేసిన బొమ్మను ఆ పేరుతో అమ్మరాదని అర్థము. 2023లో సి.వి. రాజుకు భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుదము నిచ్చెను. 2025 జనవరి 26న ఢిల్లీ కర్తవ్యపథమున సాగిన గణతంత్ర దినోత్సవపు ఊరేగింపులో ఆంధ్రప్రదేశ్ శకటముపై ఈ బొమ్మలే కొలువుదీరినవి.

బిరుదములు వచ్చిన తరువాత కూడ అంకుడు కొమ్మ కొండనుండియే రావలెను. చెట్టు తరుగుచుండగా కొయ్య కొరకు దూరము పోవలసివచ్చును, ధర పెరుగును. ప్లాస్టికు గిన్నెల జత అంతకంటె చౌకగా అంగడిలో వ్రేలాడుచుండును. అంకుడు మొక్కను నాటినచో త్రిప్పుటకు తగిన లావు వచ్చువరకు కొన్ని ఏండ్లు వేచియుండవలెను. ఇంటివాడు రేపటి కూలికై ఆలోచించునపుడు అన్ని ఏండ్లు దూరమే.

త్రాటితరిమెన మాట యేమి? విద్యుత్తు వచ్చినది, మోటారు వచ్చినది. కొయ్య ఒకేవైపు వేగముగా, ఆగక తిరుగును. ఉలి వెనుకకు తీయనక్కరలేదు. త్రాడు పోయినదని విచారించువారు కొందరున్నారు. వారు ఒక దినమంతయు ఆ త్రాటిని లాగి చూచి, సాయంకాలము భుజములు పట్టుకొని, ఆ తరువాత విచారించుట మంచిది. త్రాడు లాగినవారి పేరు ఏ బొమ్మమీదను లేదు. వారి చేతులకు విశ్రాంతి దొరకుట నష్టము కాదు. మోటారుచే త్రిప్పినను కొయ్య అంకుడే, పూత లక్కయే, మెరుగు మొగలి ఆకుదే యైనచో అది లక్కపిడతయే. చేతితో త్రిప్పిన కొయ్యకు సీసపు రంగు పూసినచో దానిని నేను ఆ పేరుతో పిలువను. అయినను త్రాటితరిమెన ఇచ్చినది ఒకటి మోటారు ఇయ్యలేదు. కొయ్య ఎదురు తిరుగు ఆ అరక్షణములో పనివాని కన్ను పిడత రూపును పరీక్షించుకొనుటకు కొంత వ్యవధి యుండెడిది. మోటారు ముందు కూర్చున్నవాడు ఆ వ్యవధిని తానే కల్పించుకొనవలెను. కనుకనే, మొదట మెల్లని వేగమున నేర్చుకొన్న చేతికి మోటారుపై తప్పులు తక్కువ.

పిడతకు చివరి పని దానిని వేరుచేయుట. ఇంతవరకును అది ఇరుసుకొసన బిగించిన తుంటలో ఒక భాగముగానే యున్నది. సన్నని ఉలిని అడుగుభాగమున ఆనించి మెల్లగా లోనికి నడుపగా, మెడ సన్నమై, పుల్లంతయై, తుదకు తెగును. పిడత క్రిందనున్న పొట్టులో పడును. దాని అడుగున రంగు లేని చిన్న తెల్లనిచుక్క మిగులును. మీ ఇంటి కొలువులోని లక్కబిందెను తిరుగవేసి చూచినచో ఆ చుక్క కనబడవచ్చును. అది ఆ పిడత తరిమెనను వదలిన చోటు. ఇరుసుకు మిగిలిన తుంట వ్యర్థము కాదు. దానిలో ఇంకొక మూతయో, బొంగరమో వచ్చునేమోయని పనివాడు దానిని మరల త్రిప్పును.